మావయ్య గదికి దారి

పొద్దున్నే మావయ్యకి పక్కగుడ్డలు మార్చి, ఒళ్ళు తుడిచి, జావ తాగించాకే కోడలు కుట్టుమిషను ముందు కూర్చునేది. ఆయనకి కాళ్ళు పడిపోయిన కొత్తలో వంటింటి నుంచి ఆయన గదికి నాలుగడుగులే. ఆయన మంచాన పడ్డ ఏడాదికి మధ్యలో ఉన్న నడవ సాగడం మొదలుపెట్టింది. మొదట జావ చల్లారేంత దూరమైంది. తర్వాత దారిలో ఒకచోట కూలబడి ఆయాసం తీర్చుకునేంత దూరమైంది.

ఇంట్లో దాన్నెవరూ వింతగా చూడలేదు. "ముసలివాళ్ళున్న ఇల్లు కదా, సాగుతుంది. మా ప్రెస్సులో ఒకాయన ఇంట్లో మేడమెట్లే పెరిగాయి," అని భర్త పేపరు తిరగేశాడు. అతను ఆ నడవలో అడుగుపెట్టి చాలా కాలమైంది. చూడ్డానికొచ్చిన ఆడపడుచు నడవ మొదట్లోనే నిలబడి, అటు తొంగిచూసి, "అక్కడిదాకా వెళ్ళొస్తే నా బస్సు తప్పిపోతుంది వదినా. నాన్నని అడిగానని చెప్పు," అని పళ్ళ సంచీ ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కోడలు ఆ సంచీ మోసుకుని నడిచింది. ఆయన పిలిచినప్పుడల్లా నడిచింది. కుట్టాల్సిన స్కూలు బట్టలు గుట్టపడ్డాయి. చూసీ చూసీ, కుట్టడానికిచ్చే షాపతను ఆ పని ఇంకొకరికిచ్చేశాడు. ఒక్కోసారి సగం దారిలో ఆగి వెనక్కి చూస్తే వంటింటి వెలుగు సూదిబెజ్జమంత కనబడేది. ఈ మనిషి ఇంకెన్నాళ్ళు బతుకుతాడు అనుకునేది. అనుకున్నందుకు చెంపలేసుకుని, మళ్ళీ నడిచేది.

ఒక మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతోనే వేడినీళ్ళ బకెట్టు పట్టుకుని బయల్దేరింది. సగం దారిలో కాలు జారింది. చీలమండ మెలితిరిగి లేవలేకపోయింది.

"మావయ్యా," అని పిలిచింది. ఇంట్లో ఇంకెవరున్నారు పిలవడానికి?

అటువైపు ఏదో ధబ్బున నేలమీద పడింది. ఆ తర్వాత గోనెసంచీ ఈడుస్తున్నట్టు చప్పుడు. ఆగుతూ, దగ్గుతూ, మోచేతుల మీద పాకుతూ ఆయన వస్తున్నాడు. చేరేసరికి సాయంత్రమైంది. మోచేతులు చెక్కుకుపోయి నెత్తురోడుతున్నాయి.

"మీరెందుకొచ్చారు మావయ్యా? ఇప్పుడు మిమ్మల్ని వెనక్కి ఎవరు తీసుకెళ్తారు?" అంటూ ఏడ్చేసింది.

ఆయన తల తిప్పి, తనొచ్చిన దారి చూశాడు. ఊపిరి అందాక అడిగాడు. "నేను పిలిస్తే నువ్వొచ్చేది ఇంత దూరమా?"

ఆమె కొంగుతో ఆయన మోచేతి నెత్తురు తుడిచింది.

"దోమ కుట్టినా పిలిచాను. ఒక్కోసారి ఊరికే పిలిచాను అమ్మాయ్, మనిషి అలికిడి కోసం."

"తెలుసు."

వంటింటి వైపు నుంచి భర్త గొంతు సన్నగా వినిపించింది. "ఎక్కడున్నావ్? టీ పెట్టలేదా?"

ఆమె అలవాటుకొద్దీ లేవబోయింది. మావయ్య చెయ్యి భుజం మీద పడి ఆపింది. ఆ చేతిలో ఇంకా బలముంది.

"నువ్వు పడుకో," అన్నాడు. ఉన్న గొంతంతా కూడదీసుకుని కొడుకుని కేకేశాడు. "ఒరేయ్, మా ఇద్దరికీ మంచినీళ్ళు పట్టుకుని నువ్వే రా."

చల్లటి గచ్చు మీద, ఆయన పక్కనే, ఆమె కళ్ళు మూసుకుంది. నిద్ర ముంచుకొస్తుండగా ఎక్కడో దూరాన అడుగుల చప్పుడు మొదలైంది. ఆగుతోంది, రొప్పుతోంది, మళ్ళీ కదులుతోంది. ఆమె లేవలేదు.