నీదెంతో నాదీ అంతే

తెల్లారేసరికి ఆకాశం నిండా ఒకటే మబ్బు. గాలి లేదు, చినుకు లేదు. అది కురిసేదో తేలిపోయేదో తెలియక, ఆరేసిన బట్టలు తియ్యాలా ఉంచాలా అని మీనాకుమారి పెరట్లో కాసేపు నిలబడింది. చివరికి సగం తీసింది. ఈమధ్య ఆమెకు దేనిమీదా పూర్తిగా నమ్మకం కుదరడం లేదు.

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గరి ఆ ఇల్లు మామగారు రైల్వే వర్క్‌షాపులో ఉండగా కట్టించింది. ఇప్పుడు ఉంటున్నది ముగ్గురు: ఆమె, భర్త మోహనకృష్ణ, అత్త జోగమ్మ. భార్యాభర్తలిద్దరిదీ ఫిజిక్సే. అతను ఊళ్ళో కాలేజీ లెక్చరరు. ఆమె సైకిలు మీద ఊరి చివర హిజ్లీ వెళ్ళి, అక్కడి పరిశోధన సంస్థ క్యాంపస్‌లో ఒక ప్రాజెక్టులో పనిచేస్తుంది. ఏడాదికోసారి పొడిగిస్తే ఉద్యోగం, లేకపోతే ఇల్లు.

ఇద్దరూ కలిసి ఒక పరిశోధన పేపరు రాస్తున్నారు. లోపల బరువైన క్వార్కు అనే మూలకణం ఉన్న కణం ఎంత తొందరగా విచ్ఛిన్నమవుతుందో లెక్కగట్టడం అందులో పని. ఆ క్వార్కు ఒంటరిగా ఉందనుకుంటే మొదటి అంచనా సులువే. కాని అది ఒంటరిగా ఉండదు, పక్కవాటితో పెనుగులాడుతుంటుంది. ఆ పెనుగులాటకు చిన్న చిన్న సవరణలు కలుపుకుంటూ పోవాలి. తప్పు దొర్లడం తేలిక గనక, ఈ పని చేసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా చేసి, ఆఖరున జవాబులు పక్కపక్కన పెట్టుకుంటారు. క్వార్కు బరువును ఆమె ఒక పద్ధతిలో, అతను ఇంకో పద్ధతిలో నిర్వచించి చెయ్యాలని అనుకున్నారు. పేపర్లో ఆ వాక్యం కూడా రాసుకున్నారు: 'రచయితలిద్దరూ విడివిడిగా లెక్కించారు, ఫలితాలు కలిశాయి.' సోమవారం పత్రికకు పంపాలి. ఈరోజు ఆదివారం.

ఆమె తన వంతు ముగించిన రోజు అతను ఆమె కాగితం అందుకుని చూసి నవ్వాడు.

"నీదెంతో నాదీ అంతే మీనా. పిసరు తేడా లేదు. మొగుడూ పెళ్ళాం ఒక్కమాట మీదున్న ఇల్లు ఖరగ్‌పూర్ మొత్తానికి మనదే."

ఆమె కూడా నవ్వింది. కాని అతను లెక్కలు చేసుకునే మేడగది ఊడ్చేది ఆమే. అతను లెక్కలో పడ్డాడంటే కాగితాలు చింపి ఉండలు చేసి గదంతా విసురుతాడు, బల్ల కింద రబ్బరు పొట్టు రాలి ఉంటుంది. ఈసారి చీపురికి వేరుసెనగ తొక్కలు తప్ప ఏమీ తగల్లేదు. టీ తీసుకెళ్ళినప్పుడల్లా ఫోను బోర్లా పడుకుని ఉండేది. "సవరణ దగ్గరున్నాను, కదపకు," అనేవాడు. కిందికొస్తే జోగమ్మ, "ఆడు తలకాయ బద్దలుకొట్టుకుంతున్నాడు, నువ్వా కాగితాలు ఆపీసి నా మోకాళ్ళకి నూనె రాయమ్మీ," అనేది. రాసి, చేపలు కడిగి, కుక్కరు కూతల మధ్య వంటింటి గట్టు మీదే ఆమె తన వంతు చేసింది. పోయినసారి సదస్సులో ఆమె లెక్క మీద ప్రశ్నలన్నీ అతన్నే అడిగారు. "మేం చూసినాం," అని అతను జవాబు చెప్పాడు. ఆ 'మేం'లో తనెక్కడుందో ఆమె వెతుక్కుంది. అయినా కంప్యూటర్లో చేసి ఉండొచ్చు కదా, కట్టుకున్నవాణ్ణి చెత్తబుట్ట చూసి అనుమానించే మనిషినయ్యానా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

నిన్న సాయంత్రం మనసొప్పక, అతని వంతు పద్ధతిలో తనే ఒకసారి చేసి చూసింది. రెండు జవాబులూ ఇంచుమించు కలవాలి. కలవలేదు. వెతికితే తప్పు తనదే. తను తీసుకున్న బరువులోనే ఒక సవరణ కలిసి ఉంది. దాన్నే మళ్ళీ విడిగా కలిపింది. ముందు సిగ్గేసింది. పాలు పొంగకముందే స్టవ్ కట్టేస్తుంటే, రెండో సంగతి తట్టింది. తన తప్పు లెక్కతో అతని లెక్క పిసరు తేడా లేకుండా ఎలా కలిసింది?

మధ్యాహ్నం చేపల పులుసు. ముగ్గురూ కూర్చున్నారు. బయట మబ్బు అలాగే ఉంది.

"మీరు ఏ బరువు తీసుకుని చేసినారండీ?" అని అడిగింది.

"అన్నంకాడ లెక్కలేటి? ఆణ్ణి తిన్నీ," అంది జోగమ్మ.

"ఏటి మళ్ళీ? అనుకున్నట్టే, రెండోది," అన్నాడు మోహనకృష్ణ.

"రెండోదాంతో చేస్తే నాదాంతో కలవదు. నాది తప్పు."

అతని చెయ్యి కంచంలో ఆగింది. "ఎక్కడో నేనూ అదే తప్పు చేసుంతాను."

"మీ బరువులో ఆ సవరణ కలిసే ఉండదు. ఆ పద్ధతిలో ఆ తప్పు చెయ్యడానికి చోటు లేదండీ."

ముల్లు తీస్తున్నట్టు అతను తల వంచుకున్నాడు. మెత్తగా అన్నాడు. "నీ మీద నమ్మకం మీనా. నువ్వు తప్పు చెయ్యవని."

"నమ్మడానికి కాదు మీరున్నది, సరిచూడ్డానికి. ఆ వాక్యం తీసేసినాను. మీ పేరూ తీసేసినాను. పేపరు రేపు వెళ్ళదు. నా తప్పు దిద్ది, సరిచూడమని వేరేవాళ్ళని అడుగుతాను."

జోగమ్మకు క్వార్కు సంగతి తెలీదు. కోడలి ముఖం చూసింది, కొడుకు వంక తిరిగింది. "మరి మేడమీద ఇన్నాళ్ళూ ఏటి సేసినావురా?"

అతను మిగిలిన పులుసన్నం గబగబా తినేశాడు. పులుసు అయ్యాక మోహనకృష్ణ చారు పొయ్యమన్నట్టు అలవాటుగా కంచం ముందుకు జరిపాడు. చారుగిన్నె మీనాకుమారి చేతికి దగ్గరగా ఉంది. ఆమె తలెత్తకుండా తన ముద్ద తను కలుపుకుంటోంది. జోగమ్మ కూడా కదల్లేదు. కాసేపు చూసి, అతను ఎడంచేత్తో గిన్నె దగ్గరికి లాక్కుని తనే పోసుకున్నాడు. ముగ్గురూ తింటున్నారు.