మైక్రోస్కోపుకు పెట్టిన బొట్టు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం కాలేజీలో జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు, చివర్లో గడ్డపెరుగు. ఎంత నిదానంగా తింటే అంత మంచిదని పెట్టిన భోజనం అది. అందుకే చెన్నకేశవులుకు ఆ తేదీ మరుపు రాదు.

కరస్పాండెంట్ రంగనాయకులుకు మార్కాపురంలో ఒకటి, పొదిలిలో ఒకటి, రెండు డిగ్రీ కాలేజీలు. రెండింటికీ కలిపి ఉన్నవి ఆరే మైక్రోస్కోపులు. యూనివర్సిటీ తనిఖీ కమిటీ ఎప్పుడూ రెండింటికీ వేరువేరు రోజుల్లో వచ్చేది. ఈసారి పొద్దున ఇక్కడ మార్కాపురంలో, సాయంత్రం పొదిలిలో అన్నారు. వాళ్ళు ముందు గదిలో రొట్టెలు తుంచుకుంటుంటే, బాటనీ లెక్చరర్ చెన్నకేశవులు ఆరింటినీ సరిగ్గా చూడనైనా చూడకుండా పాత దుప్పట్లలో చుట్టి, వెనక గేటు దగ్గర ఆటో ఎక్కించాడు. తప్పని తెలుసు. ‘పంపించు సారూ, పిల్లోళ్ళ చదువు’ అని రంగనాయకులు ఫోన్లో అన్నాడు. పంపించాడు.

జులైలో రెండు కాలేజీలకూ గుర్తింపు రద్దయింది. రిపోర్టు నాలుగో పేజీలో ఉంది కారణం: పొద్దున మార్కాపురంలో ఆరు మైక్రోస్కోపుల మీద కనబడిన పసుపు, కుంకుమ బొట్లే సాయంత్రం పొదిలిలోనూ కనబడ్డాయి.

చెన్నకేశవులు ఆ పేజీ మూడుసార్లు చదివాడు. ఆయుధపూజకు పెట్టిన బొట్లు ఎప్పుడో రాలిపోయాయి. మరి ఇవెక్కడివి?

సాయంత్రం రంగనాయకులు ల్యాబుకు వచ్చి టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. అటెండరు కోటమ్మ ఎవరికీ చెప్పకుండా సామాను పొదిలికి పంపిందని అందులో ఉంది.

“ల్యాబ్ ఇన్‌చార్జివి నువ్వే గదా సారూ. ఒక్క సంతకం. తప్పు మేనేజ్‌మెంటుది కాదని అప్పీలు చేసుకోవచ్చంట.”

“చేస్తే గుర్తింపు వస్తుందా?”

“ఏమో. లాయరు అట్ల అన్నాడు.”

“రాకపోతే?”

“అప్పుడు చూస్తాం. ముందు సంతకం పెట్టు సామీ, నీతో ఇదే తంటా! ఏదడిగినా రికార్డు దిద్దినట్టు దిద్దుతావు.”

కారు తాళాలు ఊపుకుంటూ రంగనాయకులు వెళ్ళిపోయాడు. రేపు పొద్దునకల్లా కాగితం కావాలన్నాడు.

చెన్నకేశవులుకు ఏమీ పాలుపోలేదు. పొద్దుటి నుంచి నూటఇరవై మంది పిల్లలూ అడిగింది ఒకటే, ‘మా సంగతేంది సార్?’ అని. వేరే కాలేజీలో సర్దుతారని ఒకరు, సర్దరని ఒకరు అంటున్నారు. ఈ అబద్ధంతో వాళ్ళకు మేలు జరిగేదుంటే? జరగకపోతే, పదిహేడేళ్ళుగా ఈ గది ఊడ్చిన మనిషి పేరు మాత్రం పోతుంది. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

కోటమ్మ టీ గ్లాసు తెచ్చి, కాగితానికి దూరంగా పెట్టింది.

“చక్కెర తక్కువేసినా సారూ. ఏందంట, మన మీద ఏం రాసినారంట?”

“ఏవేవో రాసినారు లేక్కా.”

“నాకేం అర్థం గాలేదు సారూ. ఆ పొద్దు మంచి జరగాలని తెల్లారగట్లనే వచ్చి తలకు పోసుకొని బొట్లు పెట్టినా వాటికి. ఆరింటికీ పెట్టినా, ఒక్కటి గూడా ఇడవలా. అయినా ఇట్లాయె.”

చెన్నకేశవులు గ్లాసు అందుకోబోయి ఆగాడు. ఆమె ముఖంలో చిన్న నిష్ఠూరం ఉంది, అదీ దేవుడి మీద.

“ఏం రాసినారు సారూ, చెప్పరాదా?”

“సామాన్లు చాల్లేదని రాసినారు.”

“అది నిజమే గదా,” అంది కోటమ్మ తేలిగ్గా. “పన్నెండు ఉండాల్సింది ఆరే ఉండె. అది మన చేతిలోదా?”

“కాదక్కా.”

టీ వేడిగా ఉంది, చక్కెర సరిగ్గా ఉంది. టైపు కాగితం వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు తన చేత్తో రాశాడు: ‘కరస్పాండెంటు గారు చెప్పగా మైక్రోస్కోపులు పంపినది నేను.’ కింద సంతకం, తేదీ. దానివల్ల నూటఇరవై మందికి ఏమవుతుందో, తనకేమవుతుందో ఎంత ఆలోచించినా తేలలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కోటమ్మ తడిగుడ్డ పట్టుకుని అల్మరా దగ్గర నిలబడింది. పొదిలి నుంచి ఆ రోజే తిరిగొచ్చిన మైక్రోస్కోపుల మీద ఎండిన కుంకుమ ఇంకా ఉంది.

“తుడిచేయమంటావా సారూ?”

“ఉండనీ అక్కా. నువ్వు ఇంటికి పో, పొద్దు గూకింది.”

ఆమె చెప్పుల చప్పుడు గేటు దాటేదాకా ఆగి, ఆయన లైటు ఆర్పి, చప్పుడు కాకుండా ల్యాబు తలుపు మూశాడు.