కడిగి ఆరేసిన ప్యాకెట్లు

కీచురాళ్ళతో చిప్స్ చేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. వేయించి పొడి కొట్టిన కీచురాళ్ళలో ఉప్పెంత, కారమెంత, పులుపెంత అని తేల్చేది ఆయనే. చిటికెడు నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకాస్త పులుపు" అని సింకులో ఉమ్మేస్తారు. పదకొండేళ్ళుగా ఉమ్ముతూనే ఉన్నారు. మింగితే తర్వాతి రుచి తెలీదని ఆయన వాదన.

"తక్కువ నీళ్ళు, తక్కువ మేత, బోలెడంత బలం. రేపు భూమిని కాపాడే తిండి ఇదేనండీ" అని పెళ్ళిళ్ళలో పక్క కుర్చీవాళ్ళకి చెప్తుంటారు. వాళ్ళు కుర్చీ మారుతుంటారు.

ఫ్యాక్టరీలో ఓ రూలుంది. ప్రతి ఉద్యోగీ వారానికి పది ప్యాకెట్లు ఇంటికి తీసుకెళ్ళాలి, సోమవారం ఖాళీవి తెచ్చి చూపించాలి. మనింట్లోవాళ్ళే తినకపోతే ఊళ్ళోవాళ్ళెందుకు తింటారని మేనేజరు బాధ. మాస్టారి ప్యాకెట్లు ఒక్క సోమవారం కూడా తప్పలేదు. పైగా కడిగి, ఆరేసి, మడతపెట్టి మరీ వచ్చేవి. ఆయన భార్య ఏ కవరు కనబడినా కడిగి తీగ మీద క్లిప్పు పెట్టే మనిషి.

"మా ఇంట్లో లొట్టలేసుకుని తింటారండీ" అనేవారు మాస్టారు. తింటుంటే ఎప్పుడూ చూళ్ళేదు. అయినా కొట్లలో సరుకు కదలని రోజున ఆ ఖాళీ ప్యాకెట్లు తల్చుకునే నిద్రపోయేవారు.

ఓ రోజు మేనేజరు పిలిచాడు. "పెద్ద కొట్లకి సరుకు కొనే ఆయన వస్తున్నాడు మాస్టారూ. ఓ కుటుంబం తింటుంటే కళ్ళారా చూడాలట. మీ ఇల్లే గతి. ఆర్డరు రాకపోతే మీ మసాలా గదికి తాళమే."

యాభై మూడేళ్ళ వయసులో, కీచురాళ్ళకి ఉప్పు వెయ్యడం తప్ప ఏ పనీ రాని మనిషికి ఇంకెవరిస్తారు ఉద్యోగం?

శనివారం మధ్యాహ్నం కొనే ఆయనా, మేనేజరూ వచ్చారు. మాస్టారి భార్య ప్లేటు నిండా చిప్స్ పెట్టింది.

"తీసుకోండి."

"అబ్బే, ముందు మీరు."

"అయ్యో, అతిథులు మీరుండగానా!"

"నాకు డాక్టరు వేపుళ్ళు మానెయ్యమన్నాడండీ" అన్నాడు మేనేజరు, ఎవరూ అడక్కుండానే.

ప్లేటు మూడుసార్లు గది చుట్టి, వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది. కొనే ఆయన ప్లేటు వంక చూడలేక బాల్కనీ వైపు తిరిగాడు.

"అబ్బ, ఏం మొక్కలండీ! ఏం వేస్తారు?"

మాస్టారి అత్తగారికి మొక్కల్ని ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్ళు తెలీదు. "ఇవే బాబూ, వారానికి పది ప్యాకెట్లు! మొదట్లో ఉప్పుకి మొక్కలు చచ్చేవి. ఇప్పుడు మా అమ్మాయి ఉప్పూ కారం పూర్తిగా పోయేదాకా కడిగి వేస్తోంది. అల్లుడుగారు తెచ్చింది పారెయ్యలేం కదా."

కొనే ఆయన బాల్కనీలోకి వెళ్ళి ఓ ఆకు పట్టుకుని, తిప్పి చూసి, వాసన చూశాడు. ఆ పూట ఆయన ఇష్టంగా ముట్టుకున్నది అదొక్కటే. తర్వాత మేనేజర్ని కూడా అక్కడికి పిలిచాడు.

మెట్లు దిగుతూ మేనేజరు మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "మీ ఇల్లే ఫ్యాక్టరీని నిలబెట్టింది మాస్టారూ! ఎరువుగా తీసుకుంటాడట, ఎంత చేస్తే అంత!"

"మరి మసాలా గది?"

"మొక్కలకి రుచెందుకండీ?" అని నవ్వబోయి ఆగాడు. "సోమవారం ఆ గది తాళంచెవి తెచ్చెయ్యండి."

పైకొచ్చేసరికి భార్య ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది.

"నోట్లో పెట్టుకున్నామండీ, నిజంగా. దిగలేదు. మీరు బాధపడతారని చెప్పలేదు."

"ఎన్నాళ్ళనుంచీ?"

"మొదటి వారం నుంచీ."

మాస్టారు ఓ చిప్ తీసుకుని నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకుని నమిలారు. అలవాటుకొద్దీ సింకు దగ్గరికి నడిచారు. అందులో గిన్నెడు చిప్స్ నానుతున్నాయి. నీళ్ళ మీద కారం ఎర్రగా తేలుతోంది. ఉమ్మడానికి చోటు లేదు. మింగేశారు.

"ఎలా ఉంది బాబూ?" అంది అత్తగారు, ఏదో ఒకటి అనాలని.

"పులుపు ఇంకాస్త పడాలి."

"పోనీలెండి" అంది భార్య, ప్లేటులో మిగిలినవి గిన్నెలో ఒంపుతూ, "ఎలాగూ కడిగేసేదేగా."