గుండ్రటి స్విచ్

మా ఆయనకి మనసు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంది. అందులో వాళ్ళ నాన్నకే చోటు లేదు.

కొత్త ట్రక్కు వచ్చిన రోజు, షోరూం మనిషి మాకు దాన్ని నడిపే తీరు చెబుతుంటే, మా ఆయన మామగారిని టీ తెమ్మని పంపేశాడు. జీవితమంతా స్టీరింగ్ పట్టిన మనిషి గ్లాసులు పట్టుకొచ్చేసరికి పాఠం అయిపోయింది. పాత బండిలో నాలుగు చక్రాలూ లాగాలంటే పొడుగాటి లివర్ ఉండేది, పడితే చేతికి తెలిసేది. ఇందులో గుండ్రటి స్విచ్ ఒకటి, పక్కన చిన్న లైటు. అంతే.

వారం తిరక్కుండానే పందెం పెట్టాడు.

"రాళ్ళ లోడుతో క్వారీ గుంతలోంచి పైకి తెచ్చావా, బండి తాళాలు నీవే నాన్నా. లేదంటే రేపట్నుంచి గేటు దగ్గర కాపలా కూర్చో. ఎవర్నీ అడక్కూడదు సుమా."

"నేనెవర్ని అడగాల్రా? నీకు గేర్లు నేర్పింది నేను!"

సగం ఎత్తులో చక్రాలు జారాయి. మామగారు బండి ఆపి, స్విచ్‌ని చివరి గుర్తు దాకా తిప్పి క్లచ్ వదిలారు. వెనక చక్రాలే గిర్రున తిరిగి బురద చిమ్మాయి. మళ్ళీ తిప్పారు, మళ్ళీ అదే. రాళ్ళు కొట్టేవాళ్ళు సుత్తులు పక్కన పెట్టి మరీ నవ్వుతున్నారు.

"తోయించమంటావా నాన్నా?" అని అరిచాడు మా ఆయన.

నాకు కడుపు మండిపోయింది. చెప్పులు బురదలో వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. లోపల లైటు వెలిగి ఆరుతోంది. మామగారు స్విచ్ మళ్ళీ తిప్పబోతున్నారు.

"మామయ్యగారూ, బ్రేకు తొక్కి ఉంచి గేరు న్యూట్రల్‌లోకి తెండి. అప్పుడు తిప్పితేగానీ పడదు."

అలాగే చేశారు. బండి అడుగున టక్కుమంది, లైటు నిలకడగా వెలిగింది. ట్రక్కు మెల్లగా, మొండిగా పైకెక్కేసింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

పైన మా ఆయనే వెళ్ళి చుట్టానికి తీసినట్టు బండి తలుపు తీశాడు. కూలీలవైపు తిరిగి, "చూశారుగా! మా నాన్నకి డ్రైవింగ్ మా ఆవిడ నేర్పింది" అన్నాడు. ఇందాకటి కంటే గట్టిగా నవ్వారు. మా ఆయన చెయ్యి చాపాడు. "తాళాలు."

"పైకి తెచ్చాను కదరా," అన్నారు మామగారు.

"తెచ్చింది నువ్వా, నీ కోడలా?"

"మీరు కావాలనే ఆయనకి చెప్పలేదు!" అన్నాను.

"కావాలనే. అయితే ఏంటి?" గొంతు కూడా తగ్గించలేదు.

మామగారు తాళాలు కొడుకు చేతిలో పెట్టి నా దగ్గరికొచ్చారు. మెచ్చుకుంటారనుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

"ఎందుకు చెప్పావమ్మా? దిగబడిపోయుంటే బండిని తిట్టుకుంటూ బతికేవాణ్ణి. ఇప్పుడెవర్ని తిట్టుకోను?"

గేటు అవతల ఏదో లారీ హారన్ కొడుతోంది. ఆయన వెళ్ళి గేటు తీశారు.