వన్స్‌మోర్ కోసం ఆగిన రాజు

ముప్పై ఏళ్లుగా ‘భైరవరాజు విజయం’ పద్యనాటకంలో రాజు మా ఆయన వెంకటరామారావే. పేరులో విజయమున్నా ఆఖరి రంగంలో రాజు చనిపోతాడు. చనిపోతూ ఒక పద్యం పాడతాడు. జనం “వన్స్‌మోర్” అంటే లేచి, కిరీటం సర్దుకుని, మళ్లీ పాడి మళ్లీ చనిపోతాడు. చండ్రుగొండలో ఒకసారి మా ఆయన నాలుగుసార్లు చనిపోయారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెబుతారు.

నిరుడు దాన్ని సినిమాగా తీశారు. దర్శకుడు మా చెల్లెలి కొడుకు అనిల్‌కుమార్. “పెదనాన్నా, అసలు అడవి, అసలు గుర్రాలు, అసలు గోదావరి!” అన్నాడు. పద్యం ఒక్కటి కూడా కోయకూడదన్నారు ఈయన. అక్కడితో ఆగితే బాగుండేది. “ఆఖరి పద్యానికి హాల్లో వన్స్‌మోర్ పడకపోతే ఇక కిరీటం ముట్టను,” అని అందరి ముందూ అనేశారు. అన్నమాట మీద నిలబడే మనిషి. నా భయం అదే.

దుమ్ముగూడెం దగ్గర షూటింగ్. అక్కడ అన్నీ అసలైనవే, మా ఆయన మాత్రం స్టేజీ దిగలేదు. స్టేజీ మీద మైకు నెత్తిమీద వేలాడుతుంది కనక పద్యానికి ముందు రెండడుగులు ముందుకొచ్చి మెడ ఎత్తడం ఆయనకు అలవాటు. అడవిలో మైకు లేదు, టేకు కొమ్మ ఉంది. ఆ కొమ్మకే పాడారు. పాడి, చెయ్యి చాచి, చప్పట్ల కోసం ఆగారు. ఎదురుగా కత్తి ఎత్తిన శత్రు సేనాపతి పగిడయ్య. అతనూ నాటకం మనిషే కాబట్టి మర్యాదగా ఆగాడు. గుర్రం ఆగలేదు. ఆకులు తింటూ పక్కకి వెళ్లిపోయింది.

“అది కత్తిరించు నాయనా,” అన్నాను.

“పెద్దమ్మా, అది మౌనం. అవార్డు షాట్!”

మా హార్మోనియం రహీంభాయ్ సత్తుపల్లిలో దర్జీ. రాజుకు ఊపిరి ఎక్కడ అందదో ఆయన వేళ్లకు తెలుసు. సినిమాలో ఆయన బదులు అరవై వయొలిన్లు పెట్టారు.

“అవి ఎవ్వరి కోసం ఆగయమ్మా, జల్దీల ఉన్నయి,” అన్నాడు రహీంభాయ్.

సినిమా విడుదలైన రోజు సత్తుపల్లిలో ఉదయం ఆటకు రహీంభాయ్‌తో కలిసి వెళ్లాం. హాల్లో సగం మంది నాటకం చూసినవాళ్లే. తెర మీద రాజు చప్పట్ల కోసం ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు దగ్గుతున్నారు.

“ఏందే, రాజు మాటిమాటికి మరిచిపోతుండు?” అంది వెనక వరుసలో మాకు పాలు పోసే భీమక్క. మా ఆయన కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

చావు పద్యం వచ్చింది. వయొలిన్లు రాజుకంటే ముందే అయిపోయాయి. చివరి రాగానికి ఆయన గొంతు ఒక్కటే మిగిలింది. సినిమా మొత్తంలో బాగున్నది అదొక్కటే. ముందు వరుసలో ఎవరో అలవాటుగా “వన్స్‌మోర్!” అన్నారు. భీమక్క అందుకుంది. హాలంతా అందుకుంది.

రాజు లేవలేదు. చితి అంటుకుంది.

“లేవడేంది? గిట్లనే కాలబెడతరా?” అని భీమక్క ఆపరేటర్ మీద కేకలేసింది.

మా ఆయన లేచారు. తెర ముందుకు వెళ్లి, లేని కిరీటం సర్దుకుని, మెడ పైకెత్తారు. పైన ఫ్యానుంది. కుర్చీలోంచే రహీంభాయ్ నోటితో శ్రుతి అందించాడు. వెనక తన చితి మండుతుండగా ఈయన పాడారు. రెండుసార్లు చనిపోయారు.

బయట అనిల్ అడిగాడు: “పెద్దమ్మా, సినిమా ఎట్లా ఉంది?”

“అయిపోయాక బాగుంది,” అన్నాను.

మా ఆయన ఇదేమీ వినడం లేదు. కిరీటానికి రెండు అద్దాలు ఊడాయి, అంటించే జిగురు ఉందా అని రహీంభాయ్‌ని అడుగుతున్నారు.