కడపటి వడ్డన

గ్రీష్మమధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములకు ద్రోణగిరి శిలాతలములు పెనములవలె కాగుచుండగా సెలయేళ్లు సన్నగిల్లి మృగములు గుహాంతరముల దాగి పక్షులు సైతము పలుకుటకు బద్ధకించుచున్న వేళ నొక యింతి పాదములు బొబ్బలెక్కుచున్నను నిలువక కొండ నెక్కుచుండెను. ఆమెను నడిపించుచున్నది కోపమొక్కటియే.

ఆమె పేరు వకుళ. జ్వరపీడితయైన యొక వృద్ధయక్షిణిని గోశాలలో దాచి యింటికడవలోని నీరు త్రావించెనన్న నేరమునకై యామె యగ్రజుడు కేశవసోమయాజి జ్ఞాతులనెల్ల రావించి ఘటస్ఫోటము గావించెను. అనగా బ్రదికియున్న చెల్లెలి పేర కుండ పగులగొట్టి యామె చచ్చెనని చాటి తిలోదకములు విడిచి స్నానమాడి భోజనమునకు గూర్చుండెను. ఆ భోజనమునకు కూరలు తఱిగినది వకుళయే. చెల్లెలు చచ్చిన దినమున నా మహానుభావుడు రెండుమాఱులు నెయ్యి వేయించుకొనెను.

కొండగుహలో నా యక్షిణియు శ్రుతి తప్పెనని గంధర్వసభనుండి గెంటివేయబడిన యొక కిన్నరుడును చెవిటి భల్లూకమొకటియు కాపురముండిరి. వారు వకుళ నాదరించి నలువది దినములు తొలుత నామెకే తేనెయు పండ్లును వడ్డించిరి. ఆమె వాకిలివైపు మొగమై కూర్చుండి ప్రతిముద్దను భిక్షగా నెంచి కోపమున పటపట దంతములు కొఱుకుచు తినెను. నలువదియవ దినమున మాత్రము పులుసులో నుప్పెక్కువైనదని యక్షిణితో జాముసేపు కలహించెను.

మఱునాడు సోమయాజి రొప్పుచు వచ్చెను. వకుళ లేని గోశాలలో నావులు పాలీయక యతని భార్యను తన్నుచున్నవట. ప్రాయశ్చిత్తము చేసికొన్నచో చెల్లెలిని మరల బ్రదికింతునని యతడు దయతో సెలవిచ్చెను. యక్షిణి యతనికి విస్తరి వేసి తేనెయు మంచియన్నమును కొసరికొసరి వడ్డించి యతడాకలికి మడి మఱచి తిని త్రేన్చినపిమ్మట వకుళ విస్తరిలో నడుగంటిన మాడుచెక్క వేసెను. వకుళ విస్తరిని విసరికొట్టి లేచెను.

“నన్ను చంపినవానికి తొలిముద్దయు నాకు మాడుచెక్కయునా? ఇచటను నేను చచ్చినదాననేనా?”

యక్షిణియు కోపముననే బదులిచ్చెను. “కూర్చుండవే పిచ్చిదానా. మా యిండ్ల తొలివడ్డన పరాయివారికి. ఇన్నాళ్లు నీవతిథివనుకొంటిమి. నిన్న నుప్పునకై నాతో దెబ్బలాడితివి. ఇంటిబిడ్డ గాక మఱెవ్వతె యట్లు దెబ్బలాడును?”

వకుళ చూచెను. యక్షిణి విస్తరిలోను కిన్నరుని విస్తరిలోను భల్లూకము విస్తరిలోను నదే మాడుచెక్క యుండెను. ఆమెకు దుఃఖము పొంగి వచ్చెను. విస్తరి తెచ్చుకొని వాకిలికి వీపు పెట్టి కూర్చుండెను.

సోమయాజి పోవుదము రమ్మనెను.

“చచ్చినవారిని పిలువరాదు అన్నా. అతిథివి. చేయి కడుగుకొని పొమ్ము.”

ఆమె కోపము చల్లాఱెనా యందురేమో. చల్లాఱలేదు, చల్లాఱనక్కఱయు లేదు. కోపమును దిగమ్రింగుమనక దానితోగూడ మనకు ప్రక్కన విస్తరి వేయువారే చుట్టములు.