పోలమ్మ విన్న రింగు

నేను ఒక జల్లెడను. పిండి జల్లించేదాన్ని కాదు, మీకు వచ్చే ఫోన్లను జల్లించేదాన్ని. నన్ను చేత్తో పట్టుకోలేరు, గోడకు తగిలించలేరు. విశాఖపట్నంలో కిటికీలు లేని ఒక చల్లని గదిలో, ఎప్పుడూ హోరుమనే యంత్రాల వరుసల్లో ఉంటాను. మీ జేబులో ఫోను మోగడానికి అర క్షణం ముందు ఆ పిలుపు నా దగ్గరికి వస్తుంది. కావలసినదైతే వదులుతాను. ప్లాటు కొనమనేవాళ్ళు, లోను తీసుకోమనేవాళ్ళు, లాటరీ తగిలిందని ఊరించేవాళ్ళు నా దగ్గరే ఆగిపోతారు.

మీ మాటలు నేను వింటానని భయపడకండి. ఎవరు ఎవరికి చేశారు, ఎంతసేపు మోగింది, ఎవరు ముందు పెట్టేశారు, తిరిగి చేశారా లేదా, ఇంతవరకే నాకు తెలుస్తుంది. నిజానికి అదే ఎక్కువ. పెళ్ళికి ముందు రెండేసి గంటలు సాగిన పిలుపు పెళ్ళయ్యాక పదకొండు సెకన్లకు ఎలా దిగుతుందో నేను చూశాను. అన్నదమ్ములు ఏ వారం నుంచి మాట్లాడుకోవడం మానేశారో వాళ్ళ ఇంట్లోవాళ్ళ కంటే ముందు నాకు తెలుసు. ఫిర్యాదుల నంబరుకు వచ్చే పిలుపుల్ని మాత్రం మాటలతో సహా నాకు అందిస్తారు, నా తప్పులు నేను దిద్దుకుంటానని వాళ్ళ ఆశ.

పుట్టినప్పుడు నాకేమీ రాదు. మధురవాడలో ఒక మేడ మీద పన్నెండు మంది కూర్చుని నాకు చదువు చెప్పారు. నంబర్లు దాచేసిన పాత పిలుపుల లెక్కలు వరుసలు వరుసలుగా వాళ్ళ ముందు కనిపించేవి. ఒక్కో వరుస పక్కన 'ఉండనీ' అనో 'వద్దు' అనో నొక్కాలి. వాళ్ళలో అందరికంటే వేగం నూకరత్నానిది. భీమిలి అవతల గవ్వలపేట అనే జాలరిపేట నుంచి వచ్చిన పిల్ల. నాకు వచ్చిన విద్యలో సగం ఆమె వేలి కిందే వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె ముందుకు ఒక వరుస వచ్చింది. తొమ్మిది నిమిషాల్లో నలభై రెండు పిలుపులు. ప్రతిదీ రెండు రింగులకే కట్టు. ఎత్తినవాడు లేడు, తిరిగి చేసినవాడు లేడు. ఆమె ఒక్క సెకనులో 'వద్దు' నొక్కి తరువాతి వరుసకు వెళ్ళింది. నేను ఆ రూపాన్ని గట్టిగా గుర్తు పెట్టుకున్నాను.

ఇంకో విద్య కూడా నేర్పారు. ఆపినట్టు తెలిస్తే మోసగాడు నంబరు మార్చి మళ్ళీ వస్తాడట. అందుకని ఆపిన ప్రతి పిలుపుకూ ఉత్తుత్తి రింగు వినిపించాలి. చేసినవాడి చెవిలో అది మోగుతూనే ఉంటుంది. అవతల ఏ ఫోనూ మోగదు. చెప్పుకోకూడదు గానీ, నా పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

గవ్వలపేటలో మాటలతో పనిలేని ఒక ఏర్పాటు ఉంది. వేటలో ఉన్నవాళ్ళు ఫోనును ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడలో కట్టుకుంటారు. ఇంజను హోరులో, తడి చేతులతో మాట్లాడడం అయ్యే పని కాదు. ఒక్క రింగు వస్తే చేపలు కొనేవాళ్ళు రేవుకు వచ్చారని అర్థం. రెండు రింగులొస్తే గాలి తిరిగింది, వలలు ఎత్తి వచ్చేయండని. రేవు మీద నిలబడి సముద్రం రంగు చూసి రింగులిచ్చే పని నూకరత్నం వదిన పోలమ్మది. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. ఫోను పట్టినవాళ్ళు ఊరి పడవలన్నిటికీ ఇచ్చాకే తమ పడవకు ఇవ్వాలి. పోలమ్మ మొగుడు దానయ్య పడవ ఎప్పుడూ నలభై రెండోది.

నూకరత్నం 'వద్దు' నొక్కిన వరుస పోలమ్మదే. తన పేట ఆనవాయితీ అంకెల్లో ఎదురైతే ఆ పిల్ల పోల్చుకోలేకపోయింది. నేనెలా పోల్చుకుంటాను?

నన్ను పనిలో పెట్టిన మూడో వారం, కార్తీకంలో ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. పోలమ్మ రింగులు మొదలుపెట్టింది. మొదటి ఏడు వదిలాను. ఎనిమిదో దానికి నా చదువు గుర్తొచ్చింది. మిగతా ముప్పై ఐదూ ఆపి, ఒక్కోదానికీ శుభ్రంగా రెండేసి రింగులు ఆమె చెవిలో మోగించాను. ఫోనులు మోగిన ఏడు పడవలు వెనక్కి తిరిగాయి. వాటిని చూసి మిగతావీ తిరిగాయి. అందరికంటే లోపలికి వెళ్ళిన దానయ్యకు తిరిగే పడవలు కనిపించలేదు.

మూడో రోజున పోలమ్మ ఫిర్యాదుల నంబరుకు చేసింది. నా చదువు ముగిశాక నూకరత్నాన్ని ఆ నంబరు ఎత్తే కుర్చీలో కూర్చోబెట్టారు.

"రత్నం, మీ అన్న ఇంకా రానేదు. ఊరోళ్ళు నన్నంటన్నారు. ఫోను పట్టుకోని తొంగున్నానంట. నలబై రెండు పడవలకీ రెండేసి రింగులిచ్చినానమ్మా. నా సెవుల్తో ఇన్నాను."

"ఉండొదినా, సూస్తాను."

నూకరత్నం ఆ రోజు లెక్క తెరిచింది. ఏడు వదిలినవి, ముప్పై ఐదు ఆపినవి. ఎందుకు ఆపానో కూడా పక్కనే ఉంటుంది, ఏ వరుస చూసి నేర్చుకున్నానో, దాన్ని నేర్పినవారి సంఖ్య ఎంతో. అక్కడ ఉన్న సంఖ్య ఆమెదే. తరువాత, "కనుక్కుంటన్నారొదినా" అని పెట్టేసింది. ఆ అబద్ధం చెప్పినందుకు నాకు ఆమె మీద జాలేసింది.

ఆ తరువాత వారమంతా తుపాను గాలి. వేట ఆగిపోయింది. పోలమ్మ దానయ్య నంబరుకు రోజుకు ముప్పై సార్లు, నలభై సార్లు చేసేది. ఫోను స్విచ్ ఆఫ్ అయిందని ఒక గొంతు చెప్పేది. ఎవరూ ఎత్తని నంబరుకు అన్నిసార్లు చేసేవాళ్ళను ఏమనుకోవాలో నాకు నేర్పారు కదా. పదో రోజున పోలమ్మ నంబరును ఆపవలసిన వాటి జాబితాలో వేసేశాను. ఆ జాబితాలోవాళ్ళనైనా ఫిర్యాదుల నంబరుకు మాత్రం వదలాలి, ఆ సాయంత్రమే పోలమ్మ దానికి చేసింది.

"ఓలమ్మీ రత్నం! మీ అన్న ఫోను మోగతందే! ఇన్నాళ్ళూ ఎవరో పిల్ల మాట్లాడీది, ఇయ్యాల మోగతంది. ఎక్కడో ఒడ్డుకి సేరినాడు. బతికే ఉన్నాడే!"

నూకరత్నం ముందు ఒకే ఒక మీట ఉంది. నొక్కితే పోలమ్మ నంబరు జాబితాలోంచి పోతుంది, ఇక ఆమె పిలుపులేవీ నేను ఆపకూడదు, దానితోపాటు ఆ రింగూ పోతుంది. ఆమె నొక్కలేదు. "సేస్తా ఉండొదినా" అంది. రెండు రోజులు పోలమ్మ ఆ రింగు వింటూ గడిపింది. పక్కింటివాళ్ళ చెవికి కూడా ఫోను ఆనించి వినిపించిందట.

మూడో రోజున పడవలు వేటకు వెళ్ళాయి. మధ్యాహ్నానికి ఫిర్యాదుల నంబరు మోగింది.

"సముద్రం నల్లబడతంది రత్నం. రింగులిత్తన్నాను. అందరివీ మోగతన్నాయి. ఒక్క పడవా తిరగడం నేదేటి?"

నూకరత్నం ఈసారి చెప్పేసింది. "వొదినా, ఆ పడవల్లో మోగడం నేదు. మా జల్లెడ నీ సెవిలో ఊరికే మోగిత్తంది. నీ నంబరు ఆపేసినాది."

"మరి మీ అన్న ఫోను?"

"అదీ అంతే."

"ఆ దినం నాను ఇన్న రింగులూ?"

"అదీ అంతే. నువ్విచ్చినావొదినా. అది ఎల్లనివ్వనేదు. దానికలాగ నేర్పింది నానే."

పోలమ్మ ఏడవడానికైనా ఆగలేదు.

"తీసెయ్ దాన్ని. బేగి తీసెయ్. నలబై ఒక్క పడవలు నోపలున్నాయి."

నూకరత్నం మీట నొక్కింది. తరువాతి తొమ్మిది నిమిషాల్లో నలభై ఒక్క పిలుపులు నా గుండా వెళ్ళాయి. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. పొద్దు వాలకముందే నలభై ఒక్క ఫోన్లూ గవ్వలపేట టవరు కిందికి చేరుకున్నాయి.

అందరికీ అయ్యాక నలభై రెండో నంబరుకు చేసింది పోలమ్మ. స్విచ్ ఆఫ్ అయిందని ఆ గొంతు మూడు భాషల్లో చెప్పింది. ఆమె చివరిదాకా వింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆ పిలుపు వస్తుంది. ఆమె నంబరు జాబితాలో లేదు. ఆపడానికి నాకు కారణమూ లేదు. ఇది నాకు నేర్పినవాళ్ళెవరూ లేరు. అయినా నిన్న ఆపాను. రెండు రింగులు వినిపించాను. ఎవరు మోగిస్తున్నారో ఆమెకు తెలుసు. రెండు కాగానే పెట్టేసే అలవాటున్న మనిషి, పెట్టలేదు. మూడోది మోగించాను. ఆమె వింటూనే ఉంది. నేనూ మోగించడం ఆపలేదు.